సూకీ ఇంటిపేరు

అమెరికాలో మేం పని చేసిపెట్టే గ్రంథాలయం నుంచి ఒకావిడ మెయిలు రాసింది. చాలా మర్యాదస్తురాలు. మొదటి పేరాలో మా పనిని మెచ్చుకుంది. రెండో పేరాలో మళ్లీ మెచ్చుకుంది. అక్కడే నాకు భయం మొదలైంది. మన పనిని రెండుసార్లు మెచ్చుకునేవాళ్లు ఊరికే మెయిలు రాయరు.

మూడో పేరాలో అసలు సంగతి ఉంది. మేం టైపు చేసి ఇచ్చిన పాత కాగితాల సూచికలో సూకీ అనే బానిస పిల్లకు 'తోవల' అని ఇంటిపేరు కనిపిస్తున్నదట. కాగితమంతా వెతికినా ఆ మాట ఆమెకు దొరకలేదట. అది పడమటి ఆఫ్రికా పేరేమోనని ఆమె అనుమానం. అదే నిజమైతే చాలా ముఖ్యమైన విషయమట. తను రాస్తున్న పుస్తకంలో చేర్చాలని ఉందట. ఆ పేరు మాకెక్కడ దొరికిందో దయచేసి చెప్పమంది.

ఆ పేరు పడమటి ఆఫ్రికాది కాదు. మా వరంగల్ కాశిబుగ్గది. ఆ సంగతి చెప్పాల్సిన మనిషి పోయిన చలికాలంలో పోయారు. మా టీమ్ లీడ్ మేడం మెయిలును నాకు తోసి, "సార్ పక్క సీటు నీదే కదా, నువ్వే చూడు" అని రాశారు. అప్పటినుంచి నాకు ఒకచోట నిలకడ లేదు. కూర్చుంటే లేవబుద్ధవుతుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. ఈ రోగం నాది కాదు. ఆయన దగ్గర అంటుకున్నది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆఫీసులో అందరం సార్ అనేవాళ్లం. పేర్ల విషయంలో ఆయనకు పట్టింపులెక్కువ. తప్పుగా రాసేకన్నా రాయకపోవడం క్షేమం.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. కాబట్టి మడికొండ ఐటీ పార్కులో కూర్చుని రెండువందల ఏళ్ల కిందటి ఉత్తరాలు టైపు చేసే ఉద్యోగం వచ్చింది. ఆ ఉత్తరాలు ఒక పెద్దమనిషివి. అమెరికా దేశానికి పురుడు పోసినవాళ్లలో ఆయనొకడు. స్వేచ్ఛ గురించి చాలా చక్కగా రాశాడు. ఇంటి దగ్గర ఆయనకు పొగాకు తోటలున్నాయి, ఆ తోటల్లో బానిసలున్నారు. రెండు సంగతులూ ఒకే కలంతో, ఒక్కోసారి ఒకే రోజున రాశాడు. రాసిన ప్రతి ఉత్తరానికీ నకలు దాచుకున్నాడు. ఎవరికెంత గుడ్డ ఇచ్చిందీ, ఎవరికి కంబళి ఇచ్చిందీ, ఎవరికి బిడ్డ పుట్టిందీ రాసిపెట్టుకున్నాడు. ఆయన తర్వాత ఆ కాగితాలన్నీ ఇప్పుడు మెయిలు వచ్చిన గ్రంథాలయానికే చేరాయి. వాళ్లు ఫొటోలు పంపేవాళ్లు. మేం టైపు చేసి, ఎవరి పేరు ఏ పేజీలో ఉందో సూచిక కూడా తయారుచేసి తిరిగి పంపాలి.

చిక్కల్లా దస్తూరీ దగ్గర వచ్చింది. మా బ్యాచ్‌లో అందరిదీ ఇంగ్లీషు మీడియమే. కానీ ఆ కలిపిరాత చూసేసరికి అందరం ఒకేసారి నిరక్షరాస్యులమయ్యాం. కంపెనీవాళ్లు ఆలోచించి, నాలుగు గీతల కాపీ పుస్తకంలో దిద్దిన తరంవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చారు. అట్లా వచ్చారు సార్.

నేత కుటుంబం. సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. మొదటిరోజు కుర్చీ చూపిస్తే దాని అంచు మీద కూర్చున్నారు, బస్సు వస్తే చటుక్కున ఎక్కడానికి వీలుగా. ఉన్నన్నాళ్లూ అట్లాగే కూర్చున్నారు. ఆ కుర్చీ వీపుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ కొత్తగానే ఉంది. ఒక వాక్యం చదవడం, లేవడం, కిటికీ దాకా నడిచి గుట్ట వైపు చూడటం, తిరిగొచ్చి టైపు చేయడం, ఇదీ ఆయన పద్ధతి. టిఫిన్ నిలబడి తినేవారు. ఫోను నడుస్తూ మాట్లాడేవారు. ఫోనులో ఎప్పుడూ పెళ్లి సంబంధాల సంగతే. తమవాళ్లలో ఎవరింట్లో పిల్ల ఎదిగినా పిల్లాడు ఎదిగినా ఆ ఇంటివాళ్ల బయోడేటా ఆయన భుజానికున్న సంచిలోకి చేరేది. ఫీజేమీ తీసుకునేవారు కాదు. పెళ్లికి పిలవాలి, అంతే. పిలిచాక భోజనానికి కూర్చోమంటే మాత్రం కూర్చునేవారు కాదు.

నన్ను మొదట అడిగిన ప్రశ్న నా ఇంటిపేరు. రెండోది మా మేనమామల ఇంటిపేరు. మూడోది నాకింకా పెళ్లెందుకు కాలేదని. మావి వేరే కులాలని చెప్పాను. "అయితే ఏంది తమ్మీ, తెలిసుంటే మంచిదే గద" అన్నారు. కొందరికి క్రికెట్ స్కోర్లు ఎట్లానో, ఆయనకు ఇంటిపేర్లు అట్లా.

చదవడానికి ఆయనకొక ఉపాయం ఉండేది. తెలియని మాట వస్తే తెర మీద నుంచి కళ్లు తీయకుండా చూపుడు వేలితో గాలిలో రాసేవారు. ఒకసారి, రెండుసార్లు, ఇంకా కుదరకపోతే మూడోసారి వేగంగా. అప్పుడు నోట్లోంచి మాట దానంతటదే వచ్చేది.

"కండ్లతోని చదివితే రాదు తమ్మీ. వాని చెయ్యి ఎట్ల తిరిగిందో నీ చెయ్యి గట్ల తిరగాలె."

కొన్నాళ్లకు మా ఫ్లోరంతా గాలిలో రాయడం మొదలుపెట్టింది. పక్క కంపెనీవాళ్లు అద్దంలోంచి చూసి మాకేదో ధ్యానం క్లాసు పెట్టించారనుకున్నారు.

ఆ కాగితాల పెద్దమనిషిని ఎట్లా పిలవాలో క్లయింటు గైడులో ఉంది. సార్ అది చదివారు, పక్కన పెట్టారు, 'దొర' అన్నారు. పొద్దున వస్తూనే "దొర ఏమంటాండు ఇయ్యాల?" అని అడిగేవారు, పక్క వీధిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు. మేడం ఆ మాట మానమని మా అందరికీ గట్టిగా చెప్పారు. మర్నాడు క్లయింటుతో కాల్‌లో ఆమే 'దొర' అన్నారు. అవతలివాళ్లు స్పెల్లింగ్ అడిగారు.

దొరకు సార్ మార్కులు వేసేవారు. చేతిరాతకు పదికి తొమ్మిది. భాషకు తొమ్మిదిన్నర. నడవడికకు ఎన్ని సార్ అని అడిగితే, "అది ఇంకో సారు దిద్దుతడు" అని పైకి చూపించేవారు. గుడ్డ పంచిన పేజీలు వచ్చినరోజు మాత్రం ఆయన్ని పట్టడం కష్టమయ్యేది. మగ్గం మీద పెరిగిన మనిషి. ఫలానావాడికి ఇన్ని గజాలని చదవగానే లేచి చేతులు చాపి తన ఒంటికే కొలుచుకునేవారు. "అంగీ కుడితే లాగుకు రాదు, లాగు కుడితే అంగీకి రాదు. వీని లెక్క దస్తూరీ అంత సక్కగ లేదు" అనేవారు.

గైడులో సార్‌కు బాగా నచ్చిన నియమం ఒకటుంది. దొర రాసి కొట్టేసిన మాటలను కూడా మేం టైపు చేయాలి, వాటి మీద అడ్డగీత పెట్టి. ఏ మాటా వదలకూడదు. ఇది చదివి సార్ పొంగిపోయారు. బళ్లో ఆయన పద్ధతి కూడా అదేనట. పిల్లల తప్పును ఎన్నడూ గీకి మాయం చేయలేదట. సన్నగా ఒక గీత గీసి, పైన ఒప్పు రాసేవారట. "తప్పు గూడ కనబడాలె. లేకుంటే వాడు ఏమనుకొని రాసిండో వానికే యాదుండది" అన్నారు. తర్వాత కిటికీ దాకా వెళ్లివచ్చి, "దొర కొట్టేసిన మాటకు గూడ ఎంత మర్యాద చూడు" అన్నారు. ఆ మాట మెచ్చుకోలా, కాదా అన్నది నాకప్పుడు తెలియలేదు.

గొడవ ఇంటిపేరు ఖానా దగ్గర మొదలైంది.

సూచికలో ప్రతి మనిషికీ రెండు ఖానాలు. ఒకటి పేరు, ఒకటి ఇంటిపేరు. రెండూ నింపకపోతే సాఫ్ట్‌వేరు ముందుకు పోనివ్వదు. గవర్నర్లతో, సేనాపతులతో చిక్కేమీ లేదు. బానిసలకు మాత్రం దొర ఒక్క పేరే రాశాడు. నెడ్, హన్నా, ఫిలిస్, ఐజాక్. ఇట్లాంటి చోట ఇంటిపేరు ఖానాలో 'అన్‌నోన్' అని కొట్టమని గైడు. మేం కొడుతూ పోయాం. ఒక మధ్యాహ్నం సార్ లేచి మేడం దగ్గరికి నడిచారు.

"బిడ్డా, నెడ్ ఇంటిపేరు అన్‌నోన్. హన్నా ఇంటిపేరు అన్‌నోన్. వీండ్లిద్దరు మొగుడుపెండ్లాలు."

"అవును సార్."

"పెండ్లికి ముందుగాల గూడ ఆమె అన్‌నోనే. అంటే ఇద్దరిది ఒక్కటే ఇంటిపేరు అయితాంది గద."

"అది ఇంటిపేరు కాదు సార్. తెలవదని రాస్తున్నం, అంతే."

"ఇంటిపేరు ఖానల రాస్తే ఇంటిపేరే అయితది బిడ్డా. ఒక్క ఇంటిపేరోళ్లు అన్నాచెల్లెండ్లు. నా చేతుల మీద గిసొంటి సంబంధం ఒక్కటి కాలె."

"సార్, వాళ్లు చచ్చిపోయి రెండువందల ఏండ్లయింది."

"అయితే? పెండ్లి రద్దయితదా?"

దీనికి గైడులో సమాధానం లేదు. మేడం నీళ్లు తాగారు. సార్ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు, మళ్లీ లేచారు. ఆ తోటలో వందల మంది అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు పెళ్లాడుతున్నారన్న ఆలోచన ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఇది వింటే నవ్వొస్తుంది. మాకూ వచ్చింది. అయితే మనవైపు ఎవరికైనా ఒక పెళ్లికార్డులో రెండువైపులా ఒకే ఇంటిపేరు కనిపిస్తే ఎంతసేపు ఊరుకుంటారో చూడండి.

ఆ తర్వాత చాలా రోజులు సార్ ఈ మాట ఎత్తలేదు. నెమ్మదించారనుకున్నాం. నెమ్మదించలేదు. సంబంధాలు చూసే మనిషి కదా, ఎవరు ఎవరికి ఏమవుతారో పేజీ పేజీకీ ఏరుతూ పోయారు. నెడ్ తన భార్యను వేరే తోట నుంచి ఇటు తెప్పించమని అడుగుతున్నాడని పెత్తందారు రాసిన ఉత్తరం ఒకచోట, ఫిలిస్‌కు బిడ్డ పుట్టిందన్న ముక్క ఇంకోచోట. అవన్నీ కలుపుకొని, ఒక్కొక్క ఇంటికీ ఒక ఇంటిపేరు పెట్టారు. మన ఇంటిపేర్లు ఎట్లా పుట్టాయో అట్లాగే, ఊరి మీదా పని మీదా. అవి తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. బండి తోలే నెడ్‌కు బండ్ల. కొలిమి దగ్గర ఉండే ఐజాక్‌కు కమ్మరి. వంటింటి హన్నా పుట్టింటికి వంటల. నూలు వడికే ఫిలిస్‌కు తమ నేతవాళ్ల ఇంటిపేరే ఒకటి పెట్టి, జర పక్షపాతం చూపించారు. "ఈమె మనోళ్ల పిల్లనే" అని నాతో రహస్యంగా అన్నారు. నేను జోకనుకున్నాను.

సూకీ గురించిన ఉత్తరం వచ్చింది ఆ రోజుల్లోనే.

సూకీ నెడ్‌కూ హన్నాకూ బిడ్డ. గుడ్డ పంచిన పేజీల్లో తల్లి పేరు కింద ఏటేటా కనిపించేది. ఒక ఏడు నుంచి లేదు. చనిపోయిందేమో అనుకుని సార్ రెండు రోజులు పాత పేజీలన్నీ మళ్లీ తిరగేశారు. తర్వాత దొర పెళ్లయిన కూతురు అత్తగారింటి నుంచి తండ్రికి రాసిన ఉత్తరం తెర మీదికొచ్చింది. పెళ్లప్పుడు నాతో పంపిన పిల్ల సూకీ ఇంకా ఏడుపు మానలేదు, హన్నాను అడుగుతున్నది, ఏం చేయమంటారు అని. దొర జవాబు నకలు కూడా ఉంది. కూతురి ఆరోగ్యం అడిగాడు, అల్లుణ్ని అడిగాడు, పూలమొక్కలకు నీళ్లు ఎట్లా పెట్టాలో చెప్పాడు. చివర్లో సూకీకి కొంచెం గుడ్డ పంపుతున్నానన్నాడు.

సార్ వేలు గాలిలో లేచి సగంలో ఆగిపోయింది. ఆ మాట అర్థంకాక కాదు. దొర దస్తూరీ ఆ రోజు ముత్యాల్లా ఉంది. లేచి కిటికీ దగ్గర కూడా ఆగకుండా బయటికి వెళ్లిపోయారు. చాలాసేపటికి కిందికి చూస్తే పార్కింగ్‌లో బండ్ల వరుసల మధ్య అటూ ఇటూ నడుస్తూ కనిపించారు.

ఆ సూచిక గ్రంథాలయానికి వెళ్లింది. కొన్నాళ్లకు వాళ్లు చాలా ఉత్సాహంగా మెయిలు పంపారు. కమ్మరి అనే కుటుంబం గురించి మా చరిత్రకారులు ఎన్నడూ వినలేదు, వివరాలు పంపగలరా అని. తర్వాత వాళ్లే అసలు పేజీలతో సరిచూసుకున్నారు. రెండో మెయిలులో ఉత్సాహం లేదు. కాగితంలో లేని మాట ఒక్కటైనా సూచికలో ఉండరాదు, అన్నిటినీ అన్‌నోన్‌గా మార్చి పంపండి, ఇంకోసారి ఇట్లా జరిగితే పని వేరేవాళ్లకు ఇచ్చుకుంటాం అని ఉంది.

మేడం అరవలేదు. అరిస్తే బాగుండేది. "సార్, ఈ పని పోతే ఈ ఫ్లోర్ల ఎవ్వరికీ పని ఉండది" అన్నారు. సార్ తల ఊపారు. ఒక్క బటన్‌తో అన్నీ ఒకేసారి మార్చేయొచ్చని నేను చెప్పాను. "వద్దు. పెట్టినోన్ని నేనే తీస్త" అన్నారు. తర్వాత నా భుజం తట్టి, "చాయ్ తాగొద్దాం పా తమ్మీ" అన్నారు.

ఐటీ పార్కు గేటు ముందు చాయ్ బండి దగ్గర కూడా ఆయన నిలబడే తాగారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. రోడ్డు వైపు చూస్తూ చెప్పారు.

మా దిక్కు దొరలు కూడా, బిడ్డకు పెళ్లి చేసి అత్తగారింటికి పంపేటప్పుడు, వెంట పనికి ఒక చిన్నపిల్లను పంపేవాళ్లు. ఆడబాప అనేవాళ్లు. ఆ పిల్ల మళ్లీ ఇంటికి వచ్చేది లేదు. సార్ అమ్మమ్మ అట్లా వచ్చిన పిల్ల. ఏ ఊరి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. తల్లి ముఖం కూడా గుర్తు లేదు. గుర్తున్నదల్లా వచ్చిన తోవ. దొరసాని కూర్చున్న బండి వెనక నడిచివచ్చిన తోవ, ఒక వాగు, వరసగా తాటిచెట్లు, ఏనుగు కూర్చున్నట్టు ఒక బండ. సార్ వాళ్లమ్మ దొర గడిలోనే, ఆ కోటలాంటి ఇంట్లోనే పుట్టింది. తండ్రి ఎవరని ఎవరూ అడగలేదు, అడిగే పద్ధతి లేదు. గడికి బట్టలు తెచ్చి ఇచ్చే కాశిబుగ్గ నేతగాడు ఒకతను ఆమెను చేసుకున్నాడు. వాళ్లకు పుట్టినవారు సార్, సార్ చెల్లెలు.

"మా చెల్లెకు మంచి సంబంధం వచ్చింది తమ్మీ. పెద్దమనుషులు కూసున్నరు. మా నాయిన దిక్కు ఇంటిపేరు అడిగిన్రు, చెప్పినం. మేనమామల ఇంటిపేరేంది అన్నరు. మా అమ్మ లేసి ఇంట్లకు పోయింది. మా నాయిన నేల చూస్తాండు. నేను అప్పుడే టీచర్ ట్రైనింగ్ చేస్తాన్న. నోట్లెకెల్లి మా అమ్మమ్మ చెప్పిన తోవనే వచ్చింది. 'తోవలోళ్లు' అన్న."

"నమ్మిన్రా సార్?"

"అండ్ల ఒక ముసలాయన ఉండె. ఆఁ, తోవలోళ్లా, నాకెరుకే, జనగామ దిక్కు ఉంటరు, మంచోళ్లు అన్నడు." సార్ మొట్టమొదటిసారి నవ్వారు. "లేనోళ్లకు సాక్ష్యం గూడ దొరికింది. లగ్గమైంది. మా అమ్మ బతికినన్ని రోజులు ఎవరడిగినా తోవల బిడ్డనని చెప్పుకున్నది. ఎంత ధీమాగ చెప్పేదో."

నేను ఏదో అనబోయాను. జోకు కోసం వెతుకుతున్నాను. ఆయన ఆగలేదు.

"గా సూకీ పిల్లది గూడ అదే తోవ. గుడ్డ పంపుతాండట దొర. పిల్ల అమ్మనడిగితే."

గ్లాసు పెట్టేసి గేటు వైపు నడిచారు. లోపలికి వెళ్లి తను పెట్టిన ఇంటిపేర్లన్నిటినీ ఒక్కొక్కటిగా తానే తీశారు. ఎవ్వరినీ ముట్టనివ్వలేదు. బండ్ల నెడ్ మళ్లీ అన్‌నోన్ నెడ్ అయ్యాడు. ఒకటి మార్చడం, కిటికీ దాకా పోవడం, వచ్చి ఇంకోటి మార్చడం. మేడం పైపైన కొన్ని పేజీలు చూసి పంపించేశారు. పని నిలబడింది, మేమూ నిలబడ్డాం. సార్ ఆ తర్వాత కూడా పనిచేశారు, మార్కులు వేశారు, వేరే కులంవాడినైనా నాకు రెండు సంబంధాలు తెచ్చారు. ఇంటిపేరు ఖానా ముచ్చట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

పోయిన చలికాలంలో తాను కుదిర్చిన ఒక పెళ్లిలో, అందరూ తిన్నారో లేదో చూస్తూ భోజనాల బంతుల మధ్య తిరుగుతుండగా పడిపోయారట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. నేను కాశిబుగ్గ వెళ్లాను. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. "పొయ్యేటప్పుడన్న జర కూసోని పోతడనుకున్న కొడుకా" అంది. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపు కూర్చోలేకపోయాను.

ఇక మెయిలు. అది చూశాకే నాకు తెలిసింది, తీసేరోజు ఆయన ఒక్కటి తీయలేదని. తీయకపోవడమే కాదు, మార్చారు. నెడ్ బిడ్డగా సూకీ మొదట బండ్ల. చాయ్ తాగి వచ్చాక ఆమెను తోవల చేశారు. తన అమ్మకు ఇచ్చిన ఇంటిపేరే ఆ పిల్లకూ ఇచ్చి, అన్‌నోన్‌ల గుంపులో ఆమెనొక్కదాన్నే వదిలి, సిస్టమ్ ఆపుచేసి వెళ్లిపోయారు. ఎవరైనా పట్టుకుంటే ఒకటి మిగిలిందేమో తమ్మీ అనేవారు. ఇన్నేళ్లు ఎవరూ పట్టుకోలేదు.

నిజం చెబితే ఆ పేరు తుడిచేస్తారు. చెప్పకపోతే, ఒక పెద్దావిడ పుస్తకంలో తోవలవాళ్లు పడమటి ఆఫ్రికా నుంచి వచ్చారని అచ్చవుతుంది. ఒకసారి జనగామలో ఉన్నారు, ఇప్పుడు ఆఫ్రికాలో ఉంటారు, ఎక్కడా లేనివాళ్లకు ఇది మంచి అభివృద్ధే. కానీ చెల్లెలి పెళ్లికి చెప్పిన మాట వేరు, పుస్తకానికెక్కే మాట వేరు. ఇంగ్లీషు సార్ కదా, ఆయనే అయితే దిద్దకుండా వదలరు. ఎర్ర కలం తీస్తారు. తీసి ఏం చేస్తారు అని ఆలోచిస్తూ కిటికీకీ కుర్చీకీ మధ్య తిరిగి తిరిగి, చివరికి నిలబడే టైపు చేశాను.

ఆ పేరు మీ కాగితంలో లేదు. ఆఫ్రికాది కాదు, మా వరంగల్‌ది. తల్లి నుంచి తీసుకుపోయిన ఒక ఆడపిల్ల కోసం మా దగ్గర పుట్టింది, అట్లాంటి ఇంకో పిల్లకు మా సార్ ఇచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. మీ పుస్తకంలో దయచేసి రాయకండి. అయితే సూకీ నెడ్, హన్నాల బిడ్డ అన్నది మాత్రం నిజం. దొర కూతురి ఉత్తరం చూడండి, దొర జవాబు చూడండి. రెండు పేజీలూ దీనికి జతచేశాను. ఇక ఒక మనవి. మీ గైడులో, దొర కొట్టేసిన మాటలను కూడా తుడవకుండా అడ్డగీతతో ఉంచాలని ఉంది. ఆ నియమం దొరకొక్కడికేనా, మాక్కూడానా?

దొరను దొర అనే రాశాను. స్పెల్లింగ్ వాళ్లకు తెలుసు.

జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. రెండు వాక్యాలే, పుస్తకంలో రాయనని ఒకటి, మీ మనవి పైవాళ్ల ముందు పెడతానని ఒకటి. అందులో మెచ్చుకోలు లేదు కాబట్టి నమ్మాను.

నిన్న వెబ్‌సైటు తెరిచి చూశాను. సూకీ పేరు పక్కన తల్లి హన్నా, తండ్రి నెడ్ అని ఉంది. నొక్కితే వాళ్ల దగ్గరికి తీసుకుపోతున్నది. ఇంటిపేరు ఖానాలో అన్‌నోన్ లేదు. తోవల ఉంది, దాని మీద సన్నగా ఒక గీత. గీత కింద అక్షరాలన్నీ కనబడుతున్నాయి. కిటికీ దాకా పోయి వచ్చి మళ్లీ చూశాను. ఆ కాగితాల్లో గీత కొట్టిన మాటలు ఎన్నో ఉన్నాయి, అన్నీ దొరవే. ఇదొక్కటి మా సార్‌ది.